ఇనుము కంటే ముందు వైరింగు

బ్రిటన్‌లో ఉంటున్న తెలుగు కుటుంబానికి కారు వెనక టోబార్ అవసరం ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది. పిల్లల సైకిళ్లు సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లాలి, ఇల్లు మారేటప్పుడు అద్దె ట్రైలర్‌లో మంచాలూ బీరువాలూ వేసుకోవాలి, లేదా వేసవి సెలవుల్లో కారవాన్ తగిలించుకుని స్కాట్లండ్ వైపు పోవాలి. అవసరం ఏదైనా కొనబోయే ముందు మెదిలే మొదటి ప్రశ్న ఒకటే: బంపర్ కింద ఆ ఇనుప మెడ ఏడాది పొడుగునా కనబడుతూ ఉంటుందా? వాయిదాలు ఇంకా తీరని కొత్త కారు వెనక్కి చూస్తే లారీలా ఉండటం ఎవరికీ ఇష్టం ఉండదు. ఆ కోరికలో తప్పేమీ లేదు. దానితోనే లెక్క మొదలుపెట్టడంలోనే తప్పంతా ఉంది. కనబడని టోబార్ కావాలనుకునేవారు డబ్బులో ఎక్కువ భాగం, శ్రద్ధలో దాదాపు మొత్తం ఇనుము మీద పెట్టి, వైరింగును మిగిలిన చిల్లరతో సరిపెట్టేస్తారు. ఈ వరుస తిరగబడాలి. మొదట బరువుల లెక్క, తర్వాత వైరింగు, ఆ తర్వాతే ఇనుము. ఎందుకలాగో ఈ అధ్యాయంలో చూద్దాం.

కనబడకపోవడం సంగతి ముందు తేల్చేద్దాం, అది తేలిక కనుక. టోబార్ అంటే బంపర్ వెనక చాసిస్‌కు బోల్టులతో బిగించే అడ్డ దూలం, అందులోంచి బయటికి వచ్చే మెడ, మెడ చివర బాల్. దూలం ఎలాగూ కనబడదు. చాలా కార్లలో బంపర్ లోపల కంపెనీ పెట్టిన దూలాన్ని తీసేసి దాని చోట దీన్ని కూర్చోబెడతారు. తేడా అంతా మెడలో ఉంది. రెండు బోల్టులతో బాల్‌ను బిగించే ఫ్లాంజ్ రకం అన్నిటికంటే మొరటుది, గట్టిదీ. హంస మెడలా వంగి ఉండే స్థిరమైన రకం కొంచెం నాజూకు. అవసరం తీరాక మెడను ఊడదీసి డిక్కీలో పెట్టుకునేది మూడో రకం. మీటతోనో మోటారుతోనో బంపర్ కిందికి మడుచుకుపోయేది నాలుగోది, ఖరీదైనది. ఊడదీసే రకంలోనూ రెండు పద్ధతులున్నాయి: మెడ అడ్డంగా దూరేది ఒకటి, కింది నుంచి నిలువుగా దూరేది మరొకటి. అడ్డంగా దూరే రకంలో మెడ తీశాక కూడా దాని గొట్టం బంపర్ అంచు కింద కొంచెం కనబడవచ్చు. నిలువు రకంలో సాధారణంగా ఏమీ కనబడదు, కానీ నేలమీద మోకరిల్లి చేయి కిందికి పెట్టి బిగించాలి. వాన పడుతున్న ఇంగ్లండ్ కార్ పార్కులో ఆ పని ఎలా ఉంటుందో కొనేటప్పుడే ఊహించుకోవడం మంచిది.

స్థిరమైన మెడ చవక, పైగా వెనక నుంచి ఎవరైనా తగిలిస్తే బంపర్‌ను అదే కాపాడుతుంది, దాచడం ఎందుకని వాదించేవాళ్లున్నారు. హైదరాబాద్ రోడ్ల మీద ఎస్‌యూవీల వెనక మెరిసే హుక్కులు చాలావరకు ఈ నమ్మకంతో పెట్టించినవే. వాటికి ట్రైలర్ తగిలించేవాళ్లు అరుదు. చవక అన్నమాట నిజమే. రక్షణ అన్నది మాత్రం సగం నిజం. మెత్తగా నలిగి దెబ్బను మింగాల్సిన బంపర్‌ను దాటేసి ఆ దెబ్బ బాల్ మీదుగా నేరుగా చాసిస్‌కు చేరుతుంది. బంపర్ గీతలు పడకుండా బయటపడి, లోపలి లోహం వంగిపోవచ్చు. నంబరు ప్లేటును ఏదీ అడ్డుకోకూడదన్నది బ్రిటన్ చట్టం, బాల్ సరిగ్గా ప్లేటు ముందుకు వచ్చే కార్లు కొన్ని ఉన్నాయి. రివర్స్ సెన్సర్లు మెడను అడ్డంకిగా భావించి మోగడం ఉంది, డిక్కీలో సామాను పెడుతుంటే మోకాలి కింద తగిలే దెబ్బ ఉంది. కాబట్టి దాచాలనుకోవడం కేవలం షోకు కాదు. ట్రైలర్ లాగేది ఏడాదికి నాలుగైదుసార్లే అయితే ఊడదీసే రకమే సరైన ఎంపికని నా అభిప్రాయం. వారం వారం లాగేవారికి స్థిరమైనదే మేలు. రోజూ తీసి పెట్టే తాళం త్వరగా అరుగుతుంది, మనిషికి విసుగూ వస్తుంది.

ఇక ఇనుములో పొరపాటు చేయడం ఎందుకు కష్టమో చూడండి. బాల్‌తో తగిలించే పద్ధతికి జర్మనీలో వెస్ట్‌ఫాలియా సంస్థ 1934లో పేటెంట్ పొందింది. ఆ తర్వాత యూరప్ అంతటా బాల్ వ్యాసం 50 మిల్లీమీటర్లుగా స్థిరపడింది. ఏ దేశపు ట్రైలర్ అయినా ఏ దేశపు కారుకైనా పట్టేది అందుకే. అమెరికాలో కొలతలు వేరు, కాబట్టి అక్కడి బంధువుల సలహా ఇక్కడ పనికిరాదు. బ్రిటన్‌లో 1998 ఆగస్టు 1 నుంచి రిజిస్టరైన కార్లకు ఆ మోడల్ కోసం పరీక్షించి ఆమోదించిన టోబార్ మాత్రమే పెట్టాలి. ఆమోదించిన ప్రతి టోబార్ మీదా ఒక చిన్న ప్లేటు ఉంటుంది. దాని మీద ఆమోద సంఖ్యతోపాటు డి విలువ, ఎస్ విలువ అని రెండు అంకెలుంటాయి. మొదటిది లాగేటప్పుడు పడే బలానికి పరిమితి. కారు గరిష్ఠ బరువునూ ట్రైలర్ గరిష్ఠ బరువునూ టన్నుల్లో గుణించి, ఆ రెండిటి మొత్తంతో భాగించి, 9.81తో గుణిస్తే కిలోన్యూటన్లలో వస్తుంది. రెండు టన్నుల కారు, టన్నున్నర ట్రైలర్ అయితే లెక్క 8.41. టోబార్ ప్లేటు మీది అంకె దీనికి తగ్గకూడదు. రెండోది బాల్ మీద నిలువుగా మోపగల బరువు, మామూలు కార్లలో 75 కిలోలో 100 కిలోలో ఉంటుంది. ఎక్కడ బోల్టు పెట్టాలో, ఎంత బిగించాలో తయారీదారే రాసి ఇస్తాడు. మన సొంత తెలివి చూపే చోటు ఇక్కడ పెద్దగా లేదు. ఇనుమును నమ్మవచ్చనడానికి ఆధారం కూడా ఇదే.

బరువుల లెక్క అంతకంటే ముందే, ఇంట్లో కూర్చునే పూర్తవుతుంది. డ్రైవర్ తలుపు చట్రం మీదో బానెట్ కిందో ఉండే తయారీ ప్లేటు మీద నాలుగు బరువులు రాసి ఉంటాయి. మొదటిది సామానుతో సహా కారు గరిష్ఠ బరువు, రెండోది కారు, ట్రైలర్ కలిపిన గరిష్ఠ బరువు, మిగతా రెండూ ఇరుసులవి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే, కారు నిండా సామానున్నప్పుడు లాగగలిగేది ఎంతో తెలుస్తుంది. ఆ రెండో వరుస ఖాళీగానో సున్నాగానో ఉంటే ఆ కారుకు ట్రైలర్ లాగే అనుమతి లేదనే అనుకోవాలి. రెనో జోయి లాంటి తొలితరం ఎలక్ట్రిక్ కార్లలో పరిస్థితి ఇదే. ట్రైలర్ బరువు 750 కిలోలు దాటితే దానికి సొంత బ్రేకులుండాలి. 1997 జనవరి 1 తర్వాత బ్రిటన్‌లో కారు లైసెన్సు పొందినవారు గతంలో పెద్ద ట్రైలర్ల కోసం ఇంకో పరీక్ష రాయాల్సి వచ్చేది. 2021 డిసెంబరు 16 నుంచి ఆ పరీక్ష లేదు, 3,500 కిలోల దాకా లాగవచ్చు. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన కారు ఒప్పుకోదు. రెండిటిలో ఏది తక్కువైతే అదే మీ పరిమితి.

అసలు కథ వైరింగుది. ముప్ఫై ఏళ్ల కిందటి కారులో వెనక లైటుకు వెళ్లే వైరును గీసి మరో వైరు చుట్టేస్తే ట్రైలర్ లైటు వెలిగేది. ఇప్పటి కారులో ఆ వైరు చివర స్విచ్చు లేదు, కంప్యూటర్ ఉంది. బ్రేక్ లైటు ఎంత కరెంటు తీసుకుంటుందో అది కొలుస్తూ ఉంటుంది. 21 వాట్ల బల్బు అయితే పావు తక్కువ రెండు ఆంపియర్లు. అంతకంటే తక్కువ తీసుకుంటే బల్బు పోయిందని డాష్‌బోర్డు మీద హెచ్చరిస్తుంది, బాగా ఎక్కువ తీసుకుంటే షార్ట్ అయిందనుకుని సరఫరా ఆపేస్తుంది. చాలా కార్లలో లైటు ఆర్పి ఉన్నప్పుడు కూడా బల్బు బాగుందో లేదో చూడటానికి కంటికి కనబడనంత చిన్న పల్స్ పంపుతుంది. ఆ పల్స్‌కు మామూలు బల్బు వెలగదు, ట్రైలర్‌లోని ఎల్‌ఈడీ మాత్రం మినుకుమంటుంది. కొన్ని కార్లలో ఒకే బల్బు తక్కువ వోల్టేజీతో వెనక లైటుగా, ఎక్కువతో బ్రేక్ లైటుగా రెండు పనులూ చేస్తుంది. అలాంటి వైరుకు పాత పద్ధతిలో ఇంకో వైరు చుడితే కంప్యూటర్ కొలతలన్నీ తారుమారవుతాయి. దీనికి బజారు ఇచ్చిన జవాబు బైపాస్ రిలే. అది కారు లైటు వైరు నుంచి సంకేతాన్ని మాత్రం అతి తక్కువ కరెంటుతో పసిగట్టి, ట్రైలర్‌కు కావాల్సిన అసలు కరెంటును ఫ్యూజ్ మీదుగా నేరుగా బ్యాటరీ నుంచి ఇస్తుంది. ఈ సార్వత్రిక కిట్టు ఏ కారుకైనా పడుతుంది, చవక, కారు లైట్లకు హాని చేయదు. ఇక్కడి దాకా దాన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు.

“ట్రైలర్ లైట్లు వెలుగుతున్నాయి, ఇంకేం కావాలి?” అన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది. కావాల్సిందల్లా వెనకాల ట్రైలర్ ఉందని కారుకు తెలియడం. సార్వత్రిక కిట్టు ట్రైలర్‌కు కారు సంగతి చెబుతుంది, కారుకు ట్రైలర్ సంగతి చెప్పదు. ఆ మోడల్ కోసమే చేసిన కిట్టు కారు సమాచార నెట్‌వర్కులోకి చేరి, సాకెట్‌లో ప్లగ్గు పడగానే మిగతా కంప్యూటర్లన్నిటికీ కబురు పంపుతుంది. ఆ కబురు అందితే జరిగేవి చాలా ఉన్నాయి. రివర్స్ సెన్సర్లు నోరు మూసుకుంటాయి. వెనక్కి వెళ్లేటప్పుడు తనంతట తాను బ్రేకు వేసే వ్యవస్థ ఉన్న కారు, ట్రైలర్‌ను గోడ అనుకుని ఆగిపోదు. కారు వెనక ఫాగ్ లైటు ఆరిపోయి ట్రైలర్‌ది మాత్రం వెలుగుతుంది, లేకపోతే ఆ ఎర్ర వెలుగు ట్రైలర్ ముందు గోడకు తగిలి అద్దంలో మీ కళ్లలోకే పడుతుంది. ట్రైలర్ ఇండికేటర్ పనిచేస్తోందని డ్రైవర్‌కు లైటుగానో శబ్దంగానో తెలియాలని బ్రిటన్ నిబంధన, ఆ సూచన డాష్‌బోర్డులోనే వస్తుంది. వీటన్నిటికంటే ముఖ్యమైనది ట్రైలర్ స్థిరత్వ వ్యవస్థ. మోటార్‌వే మీద లారీ పక్కనుంచి దూసుకుపోయినప్పుడో పల్లం దిగేటప్పుడో ట్రైలర్ పాములా ఊగడం మొదలైతే, కారులోని సెన్సర్లు ఆ ఊపును గుర్తిస్తాయి. ఇంజన్ బలం తగ్గి, ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేకు పడి, ఊపు చల్లారుతుంది. చాలా కార్లలో ఈ సామర్థ్యం కొన్న రోజు నుంచీ ఉంటుంది, ట్రైలర్ తగిలిందన్న కబురు అందేదాకా నిద్రలేవదు. చవక కిట్టుతో ఆ కబురు ఎన్నటికీ అందదు. మీరు ఇప్పటికే డబ్బు కట్టిన రక్షణను వాడుకోకుండా వదిలేస్తున్నారన్నమాట. దీని ముందు ఇనుప మెడ కనబడుతుందా లేదా అన్నది ఎంత చిన్న విషయం!

మనలో చాలామందికి ఈ మాట వివరంగా చెప్పక్కర్లేదు. రాత్రిపూట వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రక్కును గుద్దుకున్న ప్రమాదాల వార్తలు ఆంధ్రలోనూ తెలంగాణలోనూ చదువుతూనే ఉన్నాం. ఆ ట్రక్కుల కొక్కెం సాధారణంగా దిట్టంగానే ఉంటుంది. ప్రాణం తీసేది దాని వెనకున్న చీకటి.

సాకెట్ విషయానికి వస్తే, పాతవాటికి 7 పిన్నులు, కొత్తవాటికి 13. బ్రిటన్‌లో 2008 చివరి నుంచి తయారైన కారవాన్లకు 13 పిన్నుల ప్లగ్గే వస్తోంది. రివర్స్ లైటు, ఎప్పుడూ ఉండే కరెంటు, ఇంజన్ నడిచేటప్పుడే వచ్చే కరెంటు, వాటి ఎర్త్‌లు అన్నీ ఆ ఒక్కదానిలోనే ఉంటాయి. ప్లగ్గు పెట్టి పావు మలుపు తిప్పితే తాళం పడుతుంది. ఒక చిక్కుంది: 13 పిన్నుల సాకెట్ అని అమ్మే కిట్లన్నిటిలోనూ 9, 10 నంబర్ల పిన్నులకు వైర్లు ఉండవు. కారవాన్ బ్యాటరీ చార్జింగ్, ఫ్రిజ్ నడిచేది వాటి మీదే కనుక, కారవాన్ ఆలోచన ఉన్నవారు అన్ని పిన్నులకూ వైర్లు ఉన్నాయా అని కొనేముందే అడగాలి. ఇటీవలి కార్లలో ఆల్టర్నేటర్ ఇంధనం ఆదా చేయడానికి వోల్టేజీని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. వోల్టేజీని చూసి పనిచేసే మామూలు రిలే, అది తగ్గినప్పుడు ఇంజన్ ఆగిందనుకుని ఫ్రిజ్‌కు కరెంటు కట్ చేస్తుంది. కారు నెట్‌వర్కు నుంచి సమాచారం తీసుకునే కిట్టు ఆ పొరపాటు చేయదు. పాత 7 పిన్నుల అద్దె ట్రైలర్‌కు చిన్న అడాప్టర్ చాలు. లాగనప్పుడు దాన్ని సాకెట్‌లోనే వదిలేస్తే నీరు చేరి పిన్నులు పచ్చబడతాయి.

“మాకు ట్రైలర్ వద్దు, సైకిళ్ల స్టాండు ఒక్కటే” అనేవారి అభ్యంతరం కొంత న్యాయమైనది. సైకిళ్లు పాములా ఊగవు, ఫ్రిజ్ అడగవు. అయినా స్టాండు కారు లైట్లనూ నంబరు ప్లేటునూ కప్పేస్తుంది కనుక దాని మీద లైట్లూ, వెలిగే నంబరు ప్లేటూ ఉండి తీరాలి. దానికి సాకెట్ కావాలి, రివర్స్ సెన్సర్లు ఆగాలి. 7 పిన్నుల సాకెట్‌తో సరిపెట్టుకోవచ్చు కానీ, తర్వాత మనసు మారితే బంపర్ మళ్లీ విప్పాలి. వీరు ఎక్కువ జాగ్రత్తపడాల్సింది ఎస్ విలువ దగ్గర. స్టాండు బరువు 20 కిలోలు, 25 కిలోల ఎలక్ట్రిక్ సైకిళ్లు మూడు అనుకుంటే మొత్తం 95 కిలోలు, 75 కిలోల పరిమితి దాటిపోయింది. అవే సైకిళ్లు రెండయితే 70, సరిపోయింది.

మిగిలింది ఖర్చు. మోడల్‌కు తగిన కిట్టు ఖరీదెక్కువ, దాని మీద కోడింగ్ ఖర్చు వేరే. కొన్ని కార్లు కొత్త మాడ్యూల్‌ను తమంతట తామే గుర్తిస్తాయి, ఎక్కువ కార్లకు ట్రైలర్ వచ్చిందని సాఫ్ట్‌వేర్‌లో చెప్పాలి. ఫోక్స్‌వ్యాగన్ వర్గం కార్లకు విసిడిఎస్, ఫోర్డ్‌లకు ఫోర్‌స్కాన్ వంటి పరికరాలతో చేయిపట్టు ఉన్నవారు సొంతంగా చేసుకుంటున్నారు. కొత్త కార్లలో కొన్నిటికి తయారీదారు భద్రతా తాళం వేసినందున షోరూమ్‌కు పోక తప్పదు. ఆ ఖర్చు నిజమే, కాదనను. ఇనుములో తగ్గించండి అనేది నా జవాబు. మోటారుతో మడుచుకుపోయే రకం మానేసి చేత్తో ఊడదీసే రకానికి దిగితే, మంచి వైరింగుకు సరిపడా మిగలవచ్చు. కొత్త కారు ఆర్డర్ ఇవ్వబోతున్నవారైతే టోబార్‌నో, కనీసం దాని వైరింగు సన్నాహాన్నో కంపెనీ ఆప్షన్‌గా తీసుకోవడమే అన్నిటికంటే తెలివైన పని.

సొంతంగా బిగించవచ్చా? ఇనుమైతే ఓపికున్నవారు చేయగలరు. బంపర్ ఊడదీయడానికి సాయం పట్టే మనిషి కావాలి, చాసిస్ మీద బోల్టు కూర్చునే చోట మైనం, మందపు పూత గీకేయాలి, టార్క్ రెంచ్‌తో తయారీదారు చెప్పినంతే బిగించాలి. పూత మీద బిగించిన బోల్టు కొన్నాళ్లకు వదులవుతుంది. బంపర్ కింది అంచున కోత అవసరమైతే కాగితం నమూనాను రెండుసార్లు సరిచూసి, లోపలి వైపు నుంచి కోయండి. వైరింగుకు బ్యాటరీ తీగ తీసేశాకే చేయి పెట్టండి. వైరు తొక్క కోసి పట్టుకునే నీలం క్లిప్పులు వాడకండి, తేమ చేరితే అవే మొదట చెడిపోతాయి. రేకులోంచి వైరు వెళ్లే ప్రతి రంధ్రానికీ రబ్బరు గ్రోమెట్, కోసిన ప్రతి అంచుకూ తుప్పు పట్టని పూత తప్పనిసరి. వైరు లాగడం, సాకెట్ పెట్టడం బంపర్ మూయకముందే పూర్తి చేయండి. బంపర్ వెనక్కి తిరిగే మడత బ్రాకెట్ మీద సాకెట్ కూర్చుంటే అదీ కనబడదు. కోడింగ్ దగ్గర నమ్మకం లేకపోతే అక్కడ మాత్రం ట్రేడ్ సంఘంలో సభ్యత్వమున్న ఫిట్టర్‌కు అప్పగించండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

పని అయ్యాక టెస్ట్ ల్యాంపుతో సరిపెట్టవద్దు, నిజమైన ట్రైలరో స్టాండో తగిలించి ఒక్కో లైటూ చూడండి. ఇంజన్ నడుస్తుండగా బ్రేకు, ఇండికేటర్, ఫాగ్ లైటు కలిపి వేసి చూస్తే ఎర్త్ బలహీనంగా ఉంటే వెంటనే బయటపడుతుంది, ఒక లైటు వేస్తే ఇంకోటి మసకబారుతుంది. ఊడదీసే మెడ పెట్టిన ప్రతిసారీ తాళం చక్రం మీది గుర్తు ఆకుపచ్చకు వచ్చిందో లేదో చూసి, తాళంచెవి తీసేయండి. ఎర్రగా ఉంటే మెడ పూర్తిగా కూర్చోలేదు, అలా బయలుదేరకూడదు. బ్రేకులున్న ట్రైలర్ విడిపోతే దాని బ్రేకులు వేసే తీగను మెడకు చుట్టకుండా దూలానికి ఉన్న వలయానికే తగిలించండి, ఎందుకంటే మెడే ఊడివస్తే తీగ కూడా దాంతోపాటే పోతుంది. ఎంఓటీ పరీక్షలో టోబార్ బిగింపునూ సాకెట్‌నూ చూస్తారు కనుక అక్కడా సంజాయిషీ అవసరం లేకుండా ఉండాలి. చివరిగా, డబ్బు చెల్లించే ముందు బిల్లు మీద టోబార్ ఆమోద సంఖ్య, వైరింగు కిట్టు నంబరు, తాళంచెవి నంబరు, కోడింగ్ చేసిన తేదీ రాయించుకోండి. ఆ కాగితం కాపీని ఇన్సూరెన్స్ కంపెనీకి పంపి, కారుకు టోబార్ పెట్టించామని తెలియజేయండి.